కొత్తవాళ్లు నిలబడేలా రోల్‌ప్లే గ్రూపు నడపడం ఎలా?

డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో ఒక రోల్‌ప్లే గేమ్ సర్వర్ (అంటే గ్రూపు) నడుపుతున్నాను. అందరం కలిసి ఒకే కథ రాసుకుంటూ ఆడతాం, ఒకరు తమ పాత్ర ఏం చేసిందో రాస్తే తర్వాతివాళ్లు అందుకుంటారు, ఫైట్ వస్తే బాట్‌తో 20 ముఖాల పాచిక వేస్తాం. ఆట బాగానే ఉంది, ఇబ్బందల్లా మనుషులతోనే.

పాతవాళ్లు నలుగురైదుగురు తెగ రాస్తారు, పొద్దున లేచి చూసేసరికి కథ ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు ఎంతో ఇష్టంగా పాత్ర తయారుచేసుకుని, ఒకటి రెండు పోస్టులు పెట్టి, ఎవరూ పలకకపోతే మెల్లగా మాయమైపోతారు. వాళ్లను తప్పుపట్టలేం కదా. ఇంకొకతను ఎదుటివాళ్ల పాత్రకు ఏమైందో కూడా తనే రాసేస్తాడు, "నా దెబ్బకి నువ్వు పడిపోయావు" అని. ఇలా చేయడాన్ని గాడ్‌మోడింగ్ అంటారు, అది కుదరదని రూల్స్‌లో ఉంది, అయినా చెబితే అలుగుతాడు. బాగా రాస్తాడు, పంపేయాలని లేదు.

ఆట మొదలుపెట్టే ముందు అందరం మాట్లాడుకునే సెషన్ జీరోలో ఎవరికి ఏ విషయాలు వద్దో అడుగుతున్నాం, సీన్ ఆపమనడానికి ఎక్స్ కార్డ్ (ఇబ్బందనిపిస్తే చూపించే కార్డు) లాగా ఒక ఎమోజీ కూడా పెట్టాం. మొహమాటమో ఏమో, ఎవరూ దాన్ని వాడట్లేదు.

ఇలాంటి గ్రూపులు నడిపినవాళ్లు చెప్పండి: వంతులవారీగా రాయమంటే ఊపు చచ్చిపోతుందా? సీన్‌కి ముగ్గురే అని పరిమితి పెడితే పనిచేస్తుందా, లేక ఇంకా ముఠాలు కడతారా? కొత్తవాళ్లకు తోడుగా ఒక పాతమనిషిని పెట్టాలనుంది, అది వాళ్లకు డ్యూటీలా అనిపించకుండా ఎలా? ఆ అలిగే అతనితో విడిగా మాట్లాడాలంటే అసలు మాట ఎలా కలపాలి?