బ్యాటరీ సెల్ కర్మాగారం కట్టినంత మాత్రాన ఆర్థిక భద్రత వస్తుందా?

చర్చ ప్రారంభించిన సభ్యులు:
విద్యుత్ వాహనాలు, డ్రోన్ల వంటి వాటి బ్యాటరీలను లిథియం అయాన్ సెల్‌లను కలిపి తయారుచేస్తారు. ప్రపంచంలో తయారయ్యే ఈ సెల్‌లలో నాలుగింట మూడు వంతులకు పైగా చైనా నుంచే వస్తున్నాయి. ఈ స్థితి నుంచి బయటపడాలంటే ప్రభుత్వాలు సబ్సిడీలిచ్చి సెల్ కర్మాగారాలను తమ దేశంలోనే కట్టించాలని నా అభిప్రాయం. అమెరికా 2022లో చేసిన ఒక చట్టంలో, స్వదేశంలో తయారైన సెల్‌లకు కిలోవాట్ అవర్‌కు 35 డాలర్ల చొప్పున పన్ను రాయితీ ఇచ్చింది ఇందుకే. మీరేమంటారు?

రెండవ సభ్యులు:
నేను ఒప్పుకోలేను. చమురు రావడం ఆగితే కొన్ని వారాల్లోనే బండ్లు ఆగిపోతాయి. బ్యాటరీల దిగుమతి ఆగితే కొత్త విద్యుత్ బండ్ల తయారీ మాత్రమే ఆగుతుంది, రోడ్డు మీద ఉన్నవి ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటాయి. ఆ గడువులో వేరే దారి వెతుక్కోవచ్చు. స్వీడన్‌లోని బ్యాటరీ సెల్‌ల కంపెనీ నార్త్‌వోల్ట్‌ను చూడండి: వందల కోట్ల యూరోల పెట్టుబడి, పేరున్న కార్ల కంపెనీల ఆర్డర్లు ఉండి కూడా 2025 మార్చిలో దివాలా తీసింది.

మూడవ సభ్యులు:
చమురుతో పోల్చి మీరు చెప్పింది వాహనాల వరకు నిజమే. అయితే 2024 అక్టోబరులో స్కైడియో అనే అమెరికా డ్రోన్ల కంపెనీపై చైనా ఆంక్షలు విధించినప్పుడు, ఆ కంపెనీ ఒక్కో డ్రోనుకు ఒక్క బ్యాటరీ మాత్రమే ఇవ్వగలమని తన కొనుగోలుదారులకు చెప్పుకోవలసి వచ్చింది. వారిలో సైన్యాలు కూడా ఉన్నాయి. అక్కడ ఏళ్ల గడువు ఎవరికీ దొరకదు.

అలాగని ప్రారంభించినవారి వాదననూ సమర్థించలేను, ఎందుకంటే అసలు చిక్కు గనికీ సెల్‌కూ మధ్యన ఉంది. గ్రాఫైట్‌నే తీసుకోండి, సెల్‌లోని రుణ ధ్రువమైన ఆనోడ్‌లో దాదాపు అంతా అదే. గనిలో అది రేకులు రేకులుగా దొరుకుతుంది. ఆ రేకులను మిల్లులో పదేపదే తిప్పి, అంచులు అరగదీసి, గుండ్రని రేణువులుగా మలుస్తారు. ఈ పనిలో సగానికి పైగా సరుకు పొడిగా రాలిపోతుంది. మిగిలినదాన్ని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వంటి ప్రమాదకరమైన రసాయనాలతో 99.95 శాతం దాకా శుద్ధిచేసి, పైన పల్చని కార్బన్ పూత వేస్తారు. పూతలో తేడా వస్తే సెల్ త్వరగా సామర్థ్యం కోల్పోతుంది కాబట్టి, కొత్తవారి సరుకును నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి పరీక్షించాక గానీ సెల్ తయారీదారులు తీసుకోరు. ఈ శుద్ధిలో 90 శాతానికి పైగా చైనాలోనే జరుగుతోంది. 2023 డిసెంబరు 1 నుంచి ఆ దేశం దీని ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసింది. 2025 జులైలో లిథియం శుద్ధి పరిజ్ఞానాన్నీ, ఐరన్ ఫాస్ఫేట్‌తో కాథోడ్ (సెల్‌లోని ధన ధ్రువం) తయారుచేసే పరిజ్ఞానాన్నీ కూడా ఎగుమతి ఆంక్షల కిందికి తెచ్చింది. అనుమతి పత్రం రాకపోతే, ఎంత సబ్సిడీతో కట్టిన సెల్ కర్మాగారమైనా ఖాళీగా కూర్చోవలసిందే.

ఇక్కడ నన్ను నిజంగా బాధించే విషయం ఒకటుంది. ఆ ఐరన్ ఫాస్ఫేట్ కాథోడ్‌ను 1990లలో వెలుగులోకి తెచ్చింది అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడ్‌ఇనఫ్ బృందం. 2023లో ఫోర్డ్ కంపెనీ మిషిగన్‌లో అదే రకం సెల్‌ల తయారీకి పూనుకున్నప్పుడు, పరిజ్ఞానాన్ని చైనాకు చెందిన బ్యాటరీల కంపెనీ సీఏటీఎల్ నుంచి లైసెన్సు మీద తీసుకోవలసి వచ్చింది. కనిపెట్టిన దేశంలో దాన్ని టన్నుల లెక్కన తయారుచేసే చేతులు తగినన్ని మిగలలేదు.

చర్చ ప్రారంభించిన సభ్యులు:
గ్రాఫైట్ సంగతి నేను తక్కువగా అంచనా వేశానని ఒప్పుకుంటున్నాను. కానీ దేశంలో సెల్ కర్మాగారమే లేకపోతే, శుద్ధిచేసిన సరుకును కొనేదెవరు?

మూడవ సభ్యులు:
సరైన ప్రశ్న. అందుకే సెల్ కర్మాగారానికి ఇచ్చే సబ్సిడీకి ఒక షరతు జతచేయాలంటాను: తన గ్రాఫైట్‌లోనూ కాథోడ్ పదార్థంలోనూ కొంత వాటాను కొత్త శుద్ధి కర్మాగారాల నుంచి, ముందే కుదుర్చుకున్న ధరకు, పదేళ్ల ఒప్పందం మీద కొనాలి. 2022 చివరి నుంచి 2024 నాటికి లిథియం ధర 80 శాతానికి పైగా పడిపోయింది. అటువంటి ఒప్పందం చేతిలో లేని కొత్త కర్మాగారం ఆ దెబ్బకు తట్టుకుని నిలబడటం కష్టం.