పడకగదికి ఏ డిఫ్యూజర్ మేలు: అల్ట్రాసోనికా, నీళ్లు లేని నెబ్యులైజింగ్ రకమా?

నిజాంపేట_వాసి
అమ్మ గదిలో సువాసన నింపడానికి లావెండర్ నూనె వేసే డిఫ్యూజర్ కొనాలి. షాపులో 300 మి.లీ. నీళ్ల ట్యాంకున్న అల్ట్రాసోనిక్ ఆన్ చేసి చూపించారు, పొగ దట్టంగా వచ్చింది. ఆఫీసులో ఒకాయన మాత్రం నెబ్యులైజింగ్ రకమే కొనమంటున్నారు. దాని ధర మూడింతలు. మాది బోరు నీళ్లు. ఏం చేయమంటారు?

గాజుసీసా
నెబ్యులైజింగే తీసుకోండి. చిన్న పంపు గాలిని సన్నటి గొట్టంలోంచి జోరుగా కొడుతుంది, ఆ ఊపుకి నూనె పైకి లేచి తుంపర అయిపోతుంది. నీళ్లు లేవు, వేడి లేదు. కాసేపట్లో హాలంతా వాసన నిండుతుంది. షాపులో మీరు చూసిన పొగ దాదాపు అంతా నీళ్లే.

కాకినాడ_కుర్రాడు
నీళ్లే అయితే ఏమైందండీ? పడకగదికి అంత ఘాటెందుకు? అల్ట్రాసోనిక్‌లో ఏడెనిమిది చుక్కలేస్తే రాత్రి గడిచిపోతుంది. మీరు చెప్పేది 10 మి.లీ. సీసాని ఇట్టే ఖాళీ చేస్తుంది. మెషిన్‌కి డబ్బు ఒక్కసారే, నూనెకి నెలనెలా. పైగా పంపు గుయ్‌మంటూ ఉంటుంది. చందనం, వట్టివేరు లాంటి చిక్కటి నూనెలు వేస్తే గొట్టం పట్టేస్తుంది.

రిపేరు_షాపు
ఇద్దరూ ఘాటు దగ్గరే ఆగిపోయారు. ఆయన బోరు నీళ్లన్నారు, అసలు సంగతి అక్కడుంది.

అల్ట్రాసోనిక్ ట్యాంకు అడుగున పీజో బిళ్ల, అంటే కరెంటు ఇస్తే కంపించే బిళ్ల ఉంటుంది. చాలా మెషిన్లలో అది సెకనుకి దాదాపు 17 లక్షల సార్లు కంపించి నీటిని తుంపర చేస్తుంది, మరిగించదు. మరిగిస్తే ఉప్పులు గిన్నెలో మిగిలిపోతాయి. ఇక్కడ నీటిలో కరిగినవి కూడా తుంపరతో పాటే గాల్లోకి పోతాయి. తుంపర ఆరాక మిగిలేది తెల్లపొడి. టీవీ మీద వేలితో గీస్తే గీత పడుతుంది. అదే పొడిని మనమూ పీలుస్తాం.

బోరు నీటి టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల మొత్తం, లీటరుకి 900 మి.గ్రా. అనుకోండి. 300 మి.లీ.లో 270 మి.గ్రా. లవణాలున్నట్టు. రోజూ రాత్రి తలుపులు మూసిన గదిలో, పెద్దావిడ పక్కన ఇది వద్దు. కొంత సున్నం బిళ్ల మీదే పేరుకుంటుంది. పొగ తగ్గిందని మా దగ్గరికి తెచ్చే మెషిన్లలో ఎక్కువ వాటికి రోగం అదే. వెనిగర్ అద్దిన ఇయర్‌బడ్‌తో తుడిస్తే పోతుంది, కత్తితో మాత్రం గీకకండి.

నిజాంపేట_వాసి
కాచి చల్లార్చి పోస్తే సరిపోతుందా? ఏసీ నుంచి కారే నీళ్లు పోయమని పక్కింటివాళ్లు చెప్పారు.

రిపేరు_షాపు
కాస్తే క్రిములు చస్తాయి, కొంత సున్నం అడుక్కి దిగుతుంది. మిగతా ఉప్పులు ఎక్కడికీ పోవు. ఏసీ నీటిలో ఉప్పు తక్కువన్నది నిజమే, కానీ అది దుమ్ము పట్టిన కాయిల్ మీదుగా, పాచి పట్టిన ట్రేలోంచి వస్తుంది. ఈ మెషిన్ వేడి చేయదు కాబట్టి ఆ క్రిములూ గాల్లోకి లేస్తాయి. డిస్టిల్డ్ వాటర్ అన్నిటికన్నా మంచిది, లేదంటే ఆర్వో నీళ్లు. టీడీఎస్ 50 ఉంటే 300 మి.లీ.కి 15 మి.గ్రా.నే. ఆ నీళ్లే పోసి, పొద్దున్నే మిగిలినవి వంపేసి తుడిచేటట్టయితే నా ఓటు అల్ట్రాసోనిక్‌కే.

గాజుసీసా
ఆ చాకిరీ రోజూ ఎవరు చేస్తారండీ? నాలుగు రోజులు పోతే కుళాయి నీళ్లే పోస్తారు. నీళ్లు లేనిది కొంటే ఆ బాధే లేదు.

బీచ్‌రోడ్
విశాఖలో మాకు ఉన్న ఉక్కపోత చాలు, గదిలో ఇంకా తేమ ఎందుకు? నూనె వేసిన ప్యాడ్ మీదుగా ఫ్యాన్ గాలి వీచే రకం వాడుతున్నాం. తుంపరే ఉండదు. తేలిక వాసనలు ముందే ఎగిరిపోయి బరువైనవి చివర్లో మిగులుతాయి, ఆ లోపం ఒప్పుకుంటాను.

వార్డు_నర్స్
పేరు చూసి పొరబడకండి. ఉబ్బసానికి మందు పెట్టే నెబ్యులైజర్‌లో ఈ నూనెలు ఒక్క చుక్క కూడా వేయకూడదు, ఊపిరితిత్తుల్లోకి నూనె చేరితే న్యుమోనియా రావచ్చు. ఉబ్బసం ఉన్నవాళ్లు ఏ డిఫ్యూజర్‌కైనా ముందు డాక్టర్‌ని అడగాలి. ఇంట్లో పిల్లి ఉంటే టీ ట్రీ, నీలగిరి నూనెలు వద్దు. దాని కాలేయం వాటిని సరిగా విడగొట్టలేదు.

నిజాంపేట_వాసి
అమ్మకి ఉబ్బసం లేదు, పిల్లి లేదు. మా ఆర్వో మీటర్ 60 చూపిస్తోంది. 100 మి.లీ. అల్ట్రాసోనిక్ తీసుకుంటాను. గాజుసీసా గారూ, కడిగే పని నాది.

గాజుసీసా
అయితే సరే. ట్యాంకు ప్లాస్టిక్ పీపీ (పాలీప్రొపిలీన్) రకమేనా అని అడిగి తీసుకోండి. నిమ్మ, నారింజ నూనెలు పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌ని తినేస్తాయి.