చర్చ: టూరిస్టులు పెరిగినా మన ఊళ్లలో డబ్బు ఎందుకు నిలవడం లేదు?

బరంపురం_వాసి:
ఒడిశాలో మా బరంపురం దగ్గరి గోపాలపూర్ తీరంలో హోటళ్లు పెరుగుతున్నాయి. పక్కనే ఉన్న మన తెలుగు మత్స్యకారుల వాడల్లో అప్పులు మాత్రం తీరడం లేదు. దగ్గరి నుంచి చూసినవాళ్లు రాయండి.

గంగమ్మ_బిడ్డ:
మాది ఆ వాడే. చేప సంగతి ఒక్కటే చెబుతాను. మా అమ్మ తెల్లవారుజామునే వేలంలో వంజరం, చందువ పాడుకుని గంపకెత్తుకుంటుంది. హోటలు వంటగది నాలుగడుగుల దూరమే. కానీ వాళ్లకు రోజూ ఒకే తూకం కావాలి, ఐసులో పెట్టి ఇవ్వాలి, బిల్లు ఉండాలి. డబ్బు నెలాఖరుకు ఇస్తారు. అమ్మ ఈరోజు అమ్మిన డబ్బుతోనే రేపు వేలంలో నిలబడాలి, నెల ఎక్కడ ఆగుతుంది? అందుకని ఆ చేపను సేటు కొంటాడు, ఐసు పెట్టెల్లో సర్దుతాడు, అదే హోటలుకు వేస్తాడు. పడవకూ వలకూ మావాళ్లకు అప్పిచ్చింది ఆయనే గనుక ఆయన చెప్పిందే ధర. టూరిస్టు కట్టే బిల్లుకూ అమ్మ చేతికొచ్చే డబ్బుకూ పొంతనే ఉండదు. తలచుకుంటే కడుపు మండుతుంది.

ఋషికుల్య_ఒడ్డు:
నిజం చెప్పారు. మా ఋషికుల్య నది సముద్రంలో కలిసే వైపు ఇంకో చిక్కు. ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే సముద్రపు తాబేళ్ల కోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు తీరానికి 20 కిలోమీటర్ల లోపు మోటారు పడవల వేట నిషేధం. తాబేళ్లను కాపాడాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే టూరిస్టులు వచ్చే చలికాలమే మావాళ్లకు పని లేని కాలం. గుడ్లు పెట్టే రాత్రుల్లో ఒడ్డున కాపలా కాసే మా కుర్రాళ్లకు గైడు పని ఇచ్చి కూలి కట్టిస్తే ఎంత బాగుంటుంది!

కొండదారి:
కోరాపుట్ నుంచి రాస్తున్నాను. దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం. సెలవు రోజుల్లో విశాఖ వైపు నుంచి కార్లు బారులు తీరతాయి. పెట్రోలు, టిఫిను, గుడారం అన్నీ అక్కడి నుంచే తెచ్చుకుంటారు. కొండ కింది ఊళ్లకు మిగిలేవి ఖాళీ సీసాలు.

బరంపురం_వాసి:
భూమి సంగతి కూడా చూడాలి. తీరంలో చాలా ఇళ్లకు పట్టాలు లేవు. పట్టా లేనిదే బ్యాంకు అప్పు పుట్టదు, రెండు గదులు వేసి టూరిస్టులకు అద్దెకిచ్చే దారీ ఉండదు. జనసాంద్రత ఎక్కువున్న పల్లె తీరాల్లో కట్టడాలు కూడని దూరాన్ని 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ 200 మీటర్ల నుంచి 50కి తగ్గించింది. పట్టా, పెట్టుబడి ఉన్నవాళ్లే ఆ వెసులుబాటును వాడుకోగలరు.

చిలికా_పడవ:
చిలికా సరస్సు ఒడ్డున ఉన్న మంగళాజోడి ఊరు చూసి రండి. ఒకప్పుడు పక్షులను వేటాడినవాళ్లే ఇప్పుడు పడవల్లో తిప్పి వాటిని చూపిస్తున్నారు. పడవ, గైడు పని ఊరివాళ్లవే కాబట్టి డబ్బు ఊళ్లో పడుతోంది.

గంగమ్మ_బిడ్డ:
మాకు ముందు కావలసింది ఐసు పెట్టె, నెల గడిచేదాకా చేతిలో ఆడే డబ్బు. పొదుపు సంఘం పేరు మీద లైసెన్సు తీసుకుని, అందరి చేపా కలిపి ఒకే బిల్లుతో హోటలుకు వేస్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎక్కడ మొదలుపెట్టారో చెప్పండి. అమ్మ, పిన్ని సిద్ధంగా ఉన్నారు.