జావెలిన్ విసిరే తీరు మార్చాలా? నాన్సీ లోపెజ్ తండ్రి మార్చనివ్వలేదట

సొట్టల షెడ్డు, వరంగల్:
అందరికీ నమస్కారం. నాది ఆటోనగర్‌లో కార్ల సొట్టలు తీసి రంగు వేసే షెడ్డు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, జావెలిన్ విసురుతుంది. రోజూ పొద్దున్నే హనుమకొండ నెహ్రూ స్టేడియంలో దింపి వచ్చాకే షట్టరు ఎత్తుతాను. కొత్తగా వచ్చిన కోచ్ ఆమె చెయ్యి తిప్పే తీరు మార్చాలంటున్నారు. మారిస్తే కొన్నాళ్లు దూరం తగ్గుతుందట. ఉన్న తీరుతోనే కదా మొన్న జిల్లాలో మొదటి స్థానం వచ్చింది!

పోయిన నెల హైదరాబాద్ ఆయన ఒకరు కారు తెచ్చారు. డిక్కీ నిండా గోల్ఫ్ కర్రలు. పుట్టీ ఆరేదాకా కూర్చుని నాన్సీ లోపెజ్ అనే అమెరికా క్రీడాకారిణి గురించి చెప్పారు. ఆమె తండ్రి డొమింగోది కూడా నా పనేనట! న్యూ మెక్సికోలోని రోస్‌వెల్‌లో కార్ల బాడీ రిపేరు. ఆమె కర్ర ఎత్తే తీరు నెమ్మదిగా, మెలిక తిరిగినట్టు ఉండేదట. బంతి చేరాల్సిన చోటికి చేరుతోంది కదా అని తండ్రి దాన్ని ముట్టుకోలేదట. 12 ఏళ్లకే రాష్ట్ర మహిళల అమెచ్యూర్ పోటీ గెలిచిందట. 1978లో తొలి పూర్తి సీజన్‌లోనే తొమ్మిది టోర్నీలు, అందులో అయిదు వరుసగా. నిజమేనా? నిజమైతే మేము మాత్రం ఎందుకు మార్చాలి?

కూతురి చేతులు పాడవుతాయని ఆయన గిన్నెలు కూడా తోమనిచ్చేవాడు కాదట. ఈ ముక్క ఇంట్లో చెప్పి తప్పు చేశాను. వారం నుంచి మా అమ్మాయి సింకు దగ్గరికి పోవడం లేదు.

పాత పీఈటీ, పరకాల:
నిజమే తమ్ముడూ. అమెరికా మహిళా ప్రొఫెషనల్ గోల్ఫ్ సంఘం ఎల్‌పీజీఏ నడిపే టోర్నీలు మొత్తం 48 గెలిచింది. నాకు మాత్రం ఆమె గెలవని పోటీయే ఎక్కువ గుర్తు. యూఎస్ మహిళల ఓపెన్‌లో నాలుగుసార్లు రెండో స్థానం. మొదటిసారి 1975లో, ఇంకా ప్రొఫెషనల్ కాకముందే. చివరిసారి 1997లో, 40 ఏళ్ల వయసులో, ముగ్గురు ఆడపిల్లల తల్లిగా. గోల్ఫ్‌లో ఎన్ని తక్కువ స్ట్రోకుల్లో, అంటే దెబ్బల్లో, ముగిస్తే అంత మంచిది. ఆమె నాలుగు రోజుల స్కోర్లు 69, 68, 69, 69. ఆ పోటీలో నాలుగు రౌండ్లూ 70 లోపు ఆడిన మొదటి మహిళ ఆమే. అయినా ఒక్క స్ట్రోక్ తేడాతో అలిసన్ నికోలస్ కప్పు తీసుకుపోయింది.

ఇక నీ సంగతి. గోల్ఫ్ బంతి కదలకుండా కూర్చుంటుంది. తగిలే క్షణంలో కర్ర ముఖం సరిగ్గా ఉంటే చాలు, అంతకుముందు అది ఏ దారిన పైకి పోయిందో బంతికి పట్టదు. జావెలిన్‌లో మోచెయ్యి కిందికి జారి, చెయ్యి పక్కనుంచి వస్తే ఆ గుంజుడంతా మోచేతి లోపలి లిగమెంటు మీద పడుతుంది. నీ షెడ్డు మాటల్లో చెప్పాలంటే డోరు మీద సొట్ట వేరు, ఛాసిస్ వంగడం వేరు. కోచ్ మారుస్తానంటున్నది దూరం కోసమా, మోచెయ్యి కోసమా? ముందు అది అడుగు. అమ్మాయిని కూడా అడుగు. పతకం వచ్చిన పిల్లలు నొప్పి దాచిపెడతారు, ముప్పై ఏళ్లు చూశాను.

సుబేదారి అక్క:
ఇద్దరూ తండ్రి దగ్గరే ఆగిపోయారు. ఇంట్లో ముగ్గురి ఆటకు డబ్బు చాలక తల్లి మరీనా తన గోల్ఫ్ మానేసింది. కూతురు ప్రొఫెషనల్ అయిన 1977లోనే ఆమె చనిపోయింది. మీరు చెప్పిన ఆ తొమ్మిది గెలుపుల్లో ఒక్కటీ చూడలేదు. మరి ఆ ఇంట్లో గిన్నెలు ఎవరు తోమి ఉంటారు?

సొట్టల షెడ్డు, వరంగల్:
సార్, అడిగాను. రెండు నెలలుగా మోచెయ్యి లోపలి వైపు లాగుతోందట, చెబితే రాష్ట్ర పోటీలకు పంపనని నోరు మూసుకుందట. కోచ్ చూసింది కూడా అదేనట. నేనే దూరం ఒక్కటి విని మిగతాది వినిపించుకోలేదు. రేపు ఎముకల డాక్టరుకు చూపిస్తున్నాం.

అక్కా, మీ మాట మా ఆవిడకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు, గిన్నెల తొట్టి నా ముందుకు జరిపింది. రెండు రోజులుగా నేనే తోముతున్నాను. థిన్నర్ వాసన వస్తోందని ఆమె మళ్లీ కడుగుతోంది.