ముసురులో మోడల్ విమానానికి క్లియర్ కోట్ ఎలా వేయాలి?

నమస్కారం. 1/72 స్కేల్ మిగ్-21కి టామియా కంపెనీ అక్రిలిక్ రంగులు వేయడం పూర్తయింది. ఎయిర్‌బ్రష్ లేదు, స్ప్రే డబ్బాలే ఆధారం. డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే గుర్తుల స్టిక్కర్లు) అంచులు తెల్లగా మెరవకుండా ముందు గ్లాసీ కోట్ (మెరిసే పారదర్శక పూత), అవి అతికి ఆరాక మ్యాట్ కోట్ (మెరుపు లేని పూత) వేద్దామనుకుంటున్నాను.

టామియా గ్లాసీ స్ప్రే టీఎస్-13 లాక్కర్ (ఘాటైన ద్రావకం ఉన్న పూత) కదా, ఒకేసారి తడిసిపోయేలా కొడితే కింది రంగుని తినేస్తుందంటారు. పలచగా, ప్రతి పొరా ఆరనిస్తూ కొడితే సరిపోతుందా? లేక టామియా వాళ్లదే అక్రిలిక్ క్లియర్ ఎక్స్-22ని బ్రష్‌తో వేయడం మేలా? బ్రష్ తగిలితే కింది అక్రిలిక్ రంగు లేచిపోతుందేమోనని భయం.

అంతకంటే పెద్ద టెన్షన్ మా విశాఖ తేమ. ఈ గాలిలో లాక్కర్ పాలలా తెల్లబారుతుంది. సముద్రం పక్క ఊళ్లలో ఉండేవాళ్లు వానాకాలంలో ఏ వేళ స్ప్రే చేస్తారు? అలా తెల్లబారితే మళ్లీ బాగుచేయొచ్చా? రెక్కల మీది మూడు రంగుల వలయాలు చాలా బాగా కుదిరాయి, అవి పాడవకుండా చూసుకోవాలి. దయచేసి చెప్పండి.