హ్యామ్ రేడియో 160 మీటర్ల బ్యాండ్‌లో నెట్ రిసీవర్‌తో విన్న కాంటాక్ట్ లెక్కలోకి వస్తుందా?

రాయగడ:
మా ఇల్లు టౌన్ మధ్యలో. దీపాలు పెట్టే వేళకి 160 మీటర్లలో సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్ 9 దగ్గర నిలబడిపోతుంది. ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, చార్జర్లు, అన్నీ కలిసి ఒకటే రొద. నా ఇన్వర్టెడ్-ఎల్ యాంటెన్నాతో సిగ్నల్ బాగానే వెళ్తోంది. అవతలివాళ్లకి నేను వినిపిస్తున్నాను, నాకే వాళ్లు వినిపించరు. అందుకే ఈ చలికాలం వేరే రాష్ట్రంలో ఉన్న ఒక నెట్ రిసీవర్‌లో (ఇంటర్నెట్ ద్వారా వినే రిసీవర్) వింటూ ఇక్కడి నుంచి మోర్స్ కీ కొట్టాను. అమెరికా తూర్పు తీరం స్టేషన్లు దొరికాయి. వీటిని లాగ్‌లో (కాంటాక్టుల పుస్తకంలో) రాసుకోవచ్చా?

జయపురం:
రాసుకో తమ్ముడూ. నీ సిగ్నల్ నిజంగానే ఆర్కిటిక్ దాటి వెళ్లింది కదా. అద్దె ఇంటి డాబా మీద తీగ కట్టుకునే కుర్రాళ్లకి ఇది కూడా వద్దంటే 160 లాంటి లో బ్యాండ్స్‌లోకి ఎవరొస్తారు? అవార్డుల సంగతి వేరు.

గుణుపురం:
నేను ఒప్పుకోను. నీ నుంచి అతనికి వెళ్లినది నీ స్టేషన్ చేసిన పనే. అతని నుంచి నీకు వచ్చినది మాత్రం ఇంకొకరి యాంటెన్నాలో పడి, కేబుల్లో వచ్చింది. 160లో కష్టమంతా వినడంలోనే ఉంది. పగలు పై వాతావరణంలోని డి పొర ఈ తరంగాలను మింగేస్తుంది, చీకటి పడితేనే దారి తెరుచుకుంటుంది. తెల్లవారబోయే ముందు, అటు తూర్పు తీరంలో రాత్రి మొదలైన వేళ, సిగ్నల్ కాసేపు పైకి లేస్తుంది. ఆ కాసేపట్లో రొదలోంచి అవతలి స్టేషన్ గుర్తు, అంటే కాల్‌సైన్, పట్టుకోవడానికే కదా మనం నిద్ర మానుకునేది!

అమెరికా హ్యామ్‌ల సంఘం ఏఆర్ఆర్ఎల్ ఇచ్చే డీఎక్స్‌సీసీ అవార్డు నియమమూ ఇదే చెబుతుంది. ఒక కాంటాక్ట్‌కి వాడిన ట్రాన్స్‌మిటర్లు, రిసీవర్లు 500 మీటర్ల వ్యాసం ఉన్న వృత్తం లోపలే ఉండాలి. స్టేషన్ మొత్తాన్ని దూరం నుంచి నెట్ ద్వారా నడిపినా అభ్యంతరం లేదు. సగం ఇక్కడ, సగం అక్కడ అంటేనే కుదరదు.

ముందు ఒక పని చెయ్యి బాబూ. ఇంటి మెయిన్ స్విచ్ ఆపి, రిసీవర్ని బ్యాటరీ మీద పెట్టి విను. రొద తగ్గితే కారణం మీ ఇంట్లోనే ఉంది. తగ్గకపోతే రిగ్గు (రేడియో సెట్టు), బ్యాటరీ, ట్రాన్స్‌మిట్ తీగ అన్నీ తీసుకుని పొలానికి వెళ్లు (లైసెన్సు చిరునామా దాటి స్టేషన్ పెట్టే ముందు నిబంధన చూసుకో). అక్కడ వినడానికి బెవరేజ్ వెయ్యి. హెరాల్డ్ బెవరేజ్‌కి 1921లో పేటెంట్ వచ్చిన యాంటెన్నా ఇది. మనిషి తలకి తగలనంత ఎత్తులో 160 మీటర్ల పొడవు తీగ, దాని చివర దాదాపు 450 ఓమ్‌ల రెసిస్టర్, ఎర్త్ రాడ్, అంతే. రెసిస్టర్ ఉన్న వైపు నుంచి బాగా వినిపిస్తుంది. మనకి యూరప్ వాయవ్యంలో, తూర్పు అమెరికా ఉత్తరానికి కాస్త పడమరగా ఉంటాయి. సిగ్నల్ బలం తగ్గుతుంది, రొద అంతకంటే ఎక్కువ తగ్గుతుంది. వరి కోతలయ్యాక మళ్లు ఖాళీ, ఉరుముల చప్పుడూ తక్కువ, రాత్రులు పొడుగు. ఇంతకంటే మంచి సీజన్ మనకి రాదు.

రాయగడ:
మళ్లలో తడి ఇంకా ఉందండీ. ఫర్వాలేదా?

గుణుపురం:
మెరక చూసుకో. రాతి నేల, పొడి నేల బెవరేజ్‌కి బాగా నప్పుతాయి. నాగావళి ఒడ్డు దిగువ కన్నా కొండవాలు మేలు. పశువులు తిరిగే చోట తీగ ఇంకాస్త పైకి కట్టు.

బరంపురం:
మరి కంప్యూటర్‌తో పంపి అందుకునే ఎఫ్‌టీ8 మాటేంటి గురువుగారూ? చెవికి అందని సిగ్నల్‌ని, మైనస్ 20 డీబీ దాకా కంప్యూటరే చదివేస్తుంది. అదీ మీరు విన్నది కాదుగా?

గుణుపురం:
నాకు సీడబ్ల్యూనే (మోర్స్) ఇష్టం. అయినా ఎఫ్‌టీ8కి అడ్డు చెప్పను. జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే 2017లో తెచ్చిన ఆ పద్ధతిలో కూడా సిగ్నల్ మన తీగలోకే రావాలి. చదివింది చెవా, ప్రోగ్రామా అన్నది ఆ తర్వాత మాట. టౌన్ రొదలో ఉన్నవాళ్లకి అది న్యాయమైన దారి.

జయపురం:
అవార్డు నియమం ఒప్పుకున్నాను. కానీ మన సిగ్నల్ ఎంత దూరం పోతోందో తెలుసుకోవడానికి నెట్ రిసీవర్ని మించింది లేదు. దాన్ని తప్పు పని అనకండి.

గుణుపురం:
అందుకైతే నేనూ వాడతాను.

రాయగడ:
మెయిన్ ఆపి విన్నాను, రొద కొంత తగ్గింది, మిగతాది వీధిదే. ఆ కాంటాక్టులు లాగ్‌లోనే ఉంచి, పక్కన ‘నెట్ రిసీవర్’ అని రాశాను. కన్ఫర్మేషన్ అడగను. సంక్రాంతి లోపు మెరక మీద తీగ లాగుతాను. పాత టెలిఫోన్ వైరు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, వచ్చి తీసుకుంటాను. 73 (హ్యామ్‌ల భాషలో శుభాకాంక్షలు).