సూర్యుడి వేడి తగిలిన తోకచుక్క ధూళిని ఆదిమ పదార్థం అనవచ్చా?

ఆకాశరామన్న: 2024లో త్సుచిన్షాన్-అట్లాస్ తోకచుక్క బెంగళూరు తెల్లవారుజాము ఆకాశంలో కనిపించినప్పటి నుంచి మా మిత్రబృందానిది ఒకటే పాట: ‘450 కోట్ల ఏళ్ల నాటి పదార్థం, చెక్కుచెదరలేదు’. నేను ఒప్పుకోను. రోసెట్టా అంతరిక్ష నౌక దగ్గరగా చూసిన 67పి అనే తోకచుక్క కేంద్రకం, అంటే మంచూ ధూళీ కలిసిన దాని నడిముద్ద, తన మీద పడిన వెలుతురులో 6 శాతమే తిప్పి పంపుతుంది. అంతగా మాడిన ముఖం నుంచి రాలే ధూళి ఆదిమమా?

మల్లేశ్వరం మాస్టారు: రామన్న గారూ, నల్లగా ఉన్నదల్లా మాడినది కాదు. ఆ నలుపులో ఎక్కువ పాలు కర్బన పదార్థానిదే. ఇక వేడి సంగతి. 67పి కేంద్రకంలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఖాళీ జాగాయే. అందులో వేడి తొందరగా పాకదు. 12 గంటల పైచిలుకు ఉండే దాని రోజులో ఎండ దిగేది కొన్ని సెంటీమీటర్లు, రుతువంతా కాచినా మీటరు లెక్కలోనే. పైగా మంచు నేరుగా ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడే సూత్రమే. సూర్యుణ్ణి చుట్టివచ్చిన ప్రతిసారీ సగటున అర మీటరు పొర పోతుంది. మాడిన చర్మం నిలిచేదెక్కడ?

ఆకాశరామన్న: పోయినదంతా పోదు కదా మాస్టారూ! 2015 ఆగస్టులో 67పి సూర్యుడికి అతి దగ్గరగా వెళ్లినప్పుడు దక్షిణ భాగం నుంచి లేచిన ధూళిలో కొంత ఉత్తరాన మళ్లీ పరుచుకుంది. ఉన్న మంచును చాలావరకు దారిలోనే పోగొట్టుకున్న సరుకు అది. మనం దోసిట పట్టేది దాన్నే.

వేగుచుక్క: ఇద్దరూ సూర్యుణ్ణే పట్టుకున్నారు. సౌరకుటుంబం అంచున తోకచుక్కలు గుమిగూడి ఉండే ఊర్ట్ మేఘంలో వందల కోట్ల ఏళ్లు విశ్వకిరణాలు (అంతరిక్షంలో దూసుకొచ్చే అతివేగ కణాలు) తిన్న పై పొర మాటేమిటి? 2025లో వచ్చిన 3ఐ/అట్లాస్ తోకచుక్క మన సౌరకుటుంబానిది కాదు. దాని చుట్టూ నీటి ఆవిరికి సుమారు ఎనిమిది రెట్లు కార్బన్ డయాక్సైడ్‌ను వెబ్ టెలిస్కోపు చూసింది. విశ్వకిరణాలు పై పొరను మీటర్ల లోతున మార్చేశాయని కొందరు, పుట్టుకే అలాంటిదని కొందరు. మొదటివారి మాటే నిజమైతే సూర్యుడి దగ్గరికి తొలిసారి వచ్చే తోకచుక్కే ఎక్కువ చెడినది; పొరలు ఊడిన 67పి లోపలి సరుకు మెరుగు. నా పందెం 67పి మీదే.

మల్లేశ్వరం మాస్టారు: అమ్మా, పందెం కాయడానికి ముందు విల్ట్-2 తోకచుక్కను తలచుకో. 1974లో బృహస్పతి దాని దారి మళ్లించాకే అది సూర్యుడికి అంగారకుడి కక్ష్య దగ్గరి దాకా చేరువైంది. స్టార్‌డస్ట్ నౌక 2006లో తెచ్చిన దాని రేణువుల్లో వెయ్యి డిగ్రీలకు పైన తయారైన ఖనిజాలున్నాయి. అక్కడి ఎండకు అంత సత్తా లేదు. అవి కాలింది తోకచుక్కలో చేరకముందే, శిశు సూర్యుడి సమీపాన.

ఆకాశరామన్న: అంటే మాడలేదంటూనే ముందే మాడిందంటారు!

మల్లేశ్వరం మాస్టారు: రేణువు కాలింది, దాని పక్కన మంచు కాలలేదు. రెండూ ఒకే ముద్దలో ఉండటమే వింత.

వేగుచుక్క: 2029లో బయలుదేరనున్న కామెట్ ఇంటర్‌సెప్టర్ తొలిసారి వచ్చే తోకచుక్క కోసం కాచుకుంటుంది. కానీ అది పక్కనుంచి దూసుకుపోయే నౌక, తవ్వేది కాదు. మీటరు లోతు మంచును కరగనివ్వకుండా ఇక్కడికి తెస్తే తప్ప రామన్న గారు ఒప్పుకోరు. నేనూ ఒప్పుకోను.